ఎలుకను అడగాల్సిన ప్రశ్న వేరు

2025 ఏప్రిల్ 10న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక ప్రకటన చేసింది. మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యానికి అతుక్కునేలా తయారుచేసిన ప్రొటీన్) మందులను మనుషులకు ఇచ్చే ముందు చేయాల్సిన జంతు పరీక్షలను దశలవారీగా తగ్గిస్తామని, మూడు నుంచి ఐదేళ్లలో అవి రివాజుగా కాక మినహాయింపుగా మారాలన్నది తమ లక్ష్యమని చెప్పింది. పరిశోధనలకు డబ్బిచ్చే అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా అదే నెలలో జంతువుల వాడకం తగ్గించే కార్యక్రమాన్ని ప్రకటించింది. మన దేశం 2023లోనే కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువులకు బదులు మానవ కణాలు, చిప్‌ల మీద పెంచిన అవయవ నమూనాలు వంటి పద్ధతులకు తలుపు తెరిచింది. ఇదంతా స్వాగతించాల్సిన మార్పే. అయితే దీని వెనకే ‘ఎలుక మనిషి కాదు కాబట్టి ఎలుకల మీద పరిశోధనే దండగ’ అనే వాదన కూడా బయల్దేరింది. జంతువును మనం రెండు వేరువేరు పనులకు వాడుతున్నాం. ఫలానా మందు మనిషికి క్షేమమేనా అని తేల్చుకోవడం ఒకటి. శరీరంలో ఫలానా పని ఎలా జరుగుతోందో అర్థం చేసుకోవడం రెండోది. మొదటి పనిలో జంతువుల సాక్ష్యం చాలాసార్లు నిలబడలేదు. రెండో పనిలో దాని స్థానాన్ని భర్తీ చేయగలిగింది ఇంతవరకూ రాలేదు. రెంటినీ ఒకే గాటన కట్టి నిధులు కోస్తే నష్టం మనకే. ఎలుకల టి కణాలను నిద్రలేపడానికి ప్రయోగశాలల్లో వాడే యాంటీబాడీల కథ చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

టి కణం రోగనిరోధక వ్యవస్థలో కీలకమైన తెల్ల రక్తకణం. తన ఉపరితలం మీది గ్రాహకానికి సరైన శత్రువు తగిలినప్పుడు, ఆ కబురును కణం లోపలికి చేరవేసేది సీడీ3 అనే ప్రొటీన్ల కట్ట. మనిషి సీడీ3కి అతుక్కునే ఓకేటీ3 అనే యాంటీబాడీని 1979లో తయారుచేశారు. మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపే మందుగా అది 1986లో అనుమతి పొందింది. మనుషుల వైద్యానికి అనుమతి దొరికిన మొట్టమొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ అదే. మందు పనిచేసింది. కానీ మొదటి డోసు పడగానే రోగులను తీవ్రమైన జ్వరం, చలి, వణుకు పట్టుకునేవి. కొందరికి ప్రాణం మీదికి వచ్చేది. టి కణాల నోరు నొక్కాల్సిన మందు ముందుగా వాటిని రెచ్చగొడుతోందని అర్థమవుతోంది గానీ, ఎందుకలా జరుగుతోందో తెలియలేదు. రోగి ప్లీహాన్ని కోసి చూడలేరు కదా. ఓకేటీ3ని ఎలుకలకు ఇచ్చి చూద్దామంటే అది మనిషి, చింపాంజీ సీడీ3లకు తప్ప ఎలుక సీడీ3కి అతకదు. ఎలుకకు దాని సొంత యాంటీబాడీ కావాలి. దాన్ని ఎలుకలో తయారుచేయడం కష్టం, ఎందుకంటే ఏ జంతువూ తన సొంత ప్రొటీన్ మీద మామూలుగా యాంటీబాడీలు తయారుచేసుకోదు. అందుకని ఆర్మీనియన్ హామ్‌స్టర్ అనే, బుగ్గల్లో గింజలు దాచుకునే చిన్న ప్రాణికి ఎలుక టి కణాలను ఎక్కించారు. అలా ఒబెర్డాన్ లియో, జెఫ్రీ బ్లూస్టోన్, వారి సహచరులు కలిసి 1987లో లోకానికి అందించిన యాంటీబాడీ పేరు 145-2సీ11. వాడేవాళ్ల నోట అది ఉత్త ‘2సీ11’.

దీన్ని వాడే తీరును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే విషాదానికి కీలకం ఇందులోనే ఉంది. 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం ఒకటి తీసుకుంటారు. మిల్లీలీటరుకు కొన్ని మైక్రోగ్రాముల చొప్పున యాంటీబాడీ కలిపిన ఉప్పునీటి ద్రావణాన్ని గుంటల్లో పోసి, రాత్రంతా చల్లగానో, రెండు గంటలు శరీర ఉష్ణోగ్రతలోనో ఉంచుతారు. యాంటీబాడీ గుంట అడుగుకు అంటుకుంటుంది. మిగిలింది కడిగేసి, ఎలుక ప్లీహం నుంచి వేరుచేసిన టి కణాలను అందులో వేస్తారు. సీడీ28 అనే రెండో మీట నొక్కే మరో హామ్‌స్టర్ యాంటీబాడీనీ కొద్దిగా కలుపుతారు. కొన్ని గంటల్లోనే కణాల మీద సీడీ69 అనే గుర్తు మొలుస్తుంది. మర్నాటికి కణాలు ఉబ్బి, గుత్తులు గుత్తులుగా చేరి, సీడీ25ను బయటపెడతాయి. ఆ తర్వాత విభజన మొదలవుతుంది. అదే యాంటీబాడీని గుంటకు అంటించకుండా, పక్కన మరే కణాలూ లేని శుద్ధమైన టి కణాల మీద ఊరికే ద్రవంలో కలిపి పోస్తే అవి దాదాపు పలకవు. పలకాలంటే యాంటీబాడీ తోకను పట్టుకుని నిలబెట్టే వేరే కణాలు అక్కడ ఉండాలి. ఒకే యాంటీబాడీ, ఒకే మోతాదు, ఒకే టి కణాలు. యాంటీబాడీ దేనికైనా అంటుకుని ఉందా, తేలుతోందా అన్నదొక్కటే తేడా. ఫలితం మాత్రం పూర్తిగా తలకిందులు.

ఓకేటీ3 రోగులను వణికించిన కారణం ఈ తోకలోనే దొరికింది. 2సీ11ను ఎలుకలకు ఎక్కిస్తే వాటి రక్తంలోనూ సైటోకైన్లనే సంకేత ప్రొటీన్ల తుపాను లేచింది. తోక కత్తిరించిన 2సీ11 ముక్కను ఎక్కిస్తే టి కణాలు అణిగాయి గానీ తుపాను రాలేదు. ఆ జ్ఞానాన్ని బ్లూస్టోన్ బృందం మనిషి యాంటీబాడీ మీద ప్రయోగించింది. ఓకేటీ3ని మానవీకరించి, తోక భాగంలో రెండు అమైనో ఆమ్లాలను మార్చి, ఇతర కణాలు దాన్ని గట్టిగా పట్టుకోలేకుండా చేశారు. ఈలోగా పారిస్‌లో లూసియెన్ షాటెనూ, జాన్-ఫ్రాంస్వా బాక్ బృందం 1994లో మరో సంగతి బయటపెట్టింది. తమంతట తామే టైప్-1 డయాబెటిస్ తెచ్చుకునే ‘నాడ్’ జాతి ఎలుకలకు, అదీ జబ్బు బయటపడ్డాక, వరసగా ఐదు రోజులు తక్కువ మోతాదులో 2సీ11 ఇస్తే చాలావాటికి వ్యాధి వెనక్కి తగ్గింది. మందు ఆపేసినా తగ్గుదల నిలిచింది. రోగనిరోధక శక్తిని జీవితాంతం అణచి ఉంచనక్కర్లేదు, కొద్ది రోజుల మందుతో దాని నడతనే మార్చవచ్చు అన్న ఊహకు ఆధారం అక్కడ దొరికింది. తోక మార్చిన ఆ మానవ యాంటీబాడీయే నేటి టెప్లిజుమాబ్. జబ్బు ఇంకా బయటపడని, కానీ రావడానికి బాగా అవకాశమున్న, టైప్-1 రోగుల రక్తసంబంధీకులైన 76 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో వ్యాధి నిర్ధారణకు పట్టిన మధ్యస్థ కాలం 24.4 నెలలు. 14 రోజులపాటు టెప్లిజుమాబ్ తీసుకున్నవారిలో అది 48.4 నెలలు. 2022 నవంబర్‌లో ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది. టైప్-1 డయాబెటిస్ రాకను వాయిదా వేసే మందుగా అనుమతి పొందిన మొదటిది ఇదే. హామ్‌స్టర్ యాంటీబాడీ పుట్టిన నాటి నుంచి లెక్కేస్తే ముప్పై అయిదేళ్లు.

గెలిచిన గుర్రాన్ని చూపించి పందెం మంచిదంటున్నారు అని ఇక్కడ ఎవరైనా అడ్డుపడవచ్చు. అడ్డుపడటంలో న్యాయం ఉంది. నాడ్ ఎలుకల్లో డయాబెటిస్‌ను ఆపిన పద్ధతులు వందకు పైగా ఉన్నాయి. వాటిలో మనిషికి పనికొచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టెప్లిజుమాబ్ సైతం రాచబాటలో నడిచి రాలేదు. ఉత్తర అమెరికా, యూరప్, ఇజ్రాయెల్‌తోపాటు మన దేశంలోని కేంద్రాల్లోనూ జరిగిన ‘ప్రొటేజే’ అనే మూడో దశ పరీక్ష అనుకున్న ప్రధాన లక్ష్యాన్ని చేరలేకపోయింది, 2010 ప్రాంతంలో ఈ మందు పని అయిపోయిందనే అనుకున్నారు. ఇంకో మెలిక కూడా ఉంది. ఎలుకల్లో 2సీ11 ప్రభావానికి తోటి కణాలను అదుపులో ఉంచే నియంత్రక టి కణాలు ప్రధాన కారణమని తేలితే, మనుషుల్లో టెప్లిజుమాబ్ తీసుకున్నాక ఎక్కువగా కనిపించింది నీరసించి దూకుడు తగ్గిన సీడీ8 టి కణాలు. ఎలుక చెప్పింది మక్కీకి మక్కీ మనిషిలో జరగలేదన్నమాట. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ వందకు పైగా విజయాల్లో అత్యధికం, జబ్బు జాడే లేని చిన్న ఎలుకలకు ముందే మందిచ్చి ఆపినవి. జబ్బు బయటపడ్డాక వెనక్కి తిప్పినవి బహు కొద్ది, 2సీ11 వాటిలో ఒకటి. ఏ ఫలితాన్ని మనిషి దాకా తీసుకెళ్లడం దండగో ఆ ఎలుకలే చెబుతున్నాయి, చదివేవారు ‘ఎలుకల్లో నయమైంది’ దగ్గర ఆగకుండా ‘ఎప్పుడిస్తే నయమైంది’ అని అడిగి ఉంటే. ఈ విషయంలో పత్రికలమూ తక్కువ తినలేదు. ‘ఎలుకలపై ప్రయోగం విజయవంతం’ అని శీర్షిక పెట్టాక ఆ రెండో ప్రశ్నకు చోటు మిగలదు.

ఇక మొదటి పనికి, అంటే క్షేమానికి హామీ ఇచ్చే పనికి, జంతువును వాడితే ఏమవుతుందో చూద్దాం. 2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ప్రాంగణంలో ఎనిమిది మంది ఆరోగ్యవంతులైన యువకులు ఒక ఔషధ పరీక్షకు వచ్చారు. ఇద్దరికి ఉత్తుత్తి మందు, ఆరుగురికి టీజీఎన్1412. జర్మన్ సంస్థ టెజెనెరో తయారుచేసిన ఈ యాంటీబాడీ, పైన చెప్పిన రెండో మీట సీడీ28ను, సీడీ3 ప్రమేయం లేకుండానే నొక్కగలదు. ఇలాంటి యాంటీబాడీ ఎలుక జాతి ప్రాణుల్లో నియంత్రక టి కణాలను పెంచి, కీళ్లవాతం వంటి జబ్బులను చల్లార్చింది. మకాక్ కోతులకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల దాకా ఇచ్చినా ఏమీ కాలేదు. మనుషులకు ఇచ్చింది అందులో 500వ వంతు. సుమారు పది నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి ఎక్కించుకుంటూ పోయారు. గంటన్నర తిరగకుండానే ఆరుగురికీ తలనొప్పి, ఒళ్లునొప్పులు, జ్వరం. ఆపైన ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిన్నాయి. అందరూ బతికారు గానీ, ఒకరు కాలివేళ్లు, చేతివేళ్ల కొసలు పోగొట్టుకున్నారు. పత్రాల మీద చూస్తే అన్ని జంతు పరీక్షలూ పాసైన మందు అది.

ఎందుకిలా జరిగిందో తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటిగా తేలింది. మనిషి రక్తకణాల మీద ఈ యాంటీబాడీని ద్రవంలో కలిపి పరీక్షిస్తే అవి మౌనంగానే ఉండిపోయాయి. బ్రిటన్ జాతీయ జీవ ప్రమాణాల సంస్థలో అదే యాంటీబాడీని పళ్లేనికి ఆరబెట్టి అంటించి, అవే కణాలను దాని మీద వేస్తే సైటోకైన్లు పోటెత్తాయి. తేలుతోందా, అంటుకుందా అన్న పాత ప్రశ్నే ఇది, 2సీ11 వాడిన ప్రతి ఎలుకల ప్రయోగశాలకూ ఇరవై ఏళ్లుగా కొట్టినపిండి. కోతుల సంగతికొస్తే, మనుషుల్లో తుపానుకు కారణమైన ఒక రకం అనుభవజ్ఞ టి కణాల మీద సీడీ28 ఉంటుంది, మకాక్‌ల్లో అవే కణాల మీద ఉండదు. నొక్కడానికి మీటే లేనప్పుడు 500 రెట్లు ఎక్కువిస్తే మాత్రం ఏమవుతుంది? ఎలుకల్లో లోపం ఇంకో రకం. ప్రయోగశాల ఎలుకలు వడగట్టిన గాలిలో, శుద్ధిచేసిన ఆహారంతో, క్రిముల ఊసు లేకుండా పెరుగుతాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో చూపిన ప్రకారం, పెద్ద వయసు ప్రయోగశాల ఎలుక రోగనిరోధక వ్యవస్థ అప్పుడే పుట్టిన మానవ శిశువు వ్యవస్థను పోలి ఉంటుంది. పెంపుడు జంతువుల దుకాణం నుంచి తెచ్చిన మామూలు ఎలుకలతో కలిపి ఉంచితే, అదే ఎలుక వ్యవస్థ పెద్ద మనిషి వైపు జరుగుతుంది. ఎన్‌ఐహెచ్‌లో బార్బరా రెహర్మన్ బృందం 2019లో ఇంకో అడుగు ముందుకేసింది. ప్రయోగశాల ఎలుకల పిండాలను అడవి ఎలుకల కడుపున పుట్టించింది. జన్యువులు ప్రయోగశాలవి, ఒంటి మీదా లోపలా ఉన్న క్రిములు అడవివి. వాటికి ఎలుక సీడీ28ను నొక్కే యాంటీబాడీ ఇస్తే, శుభ్రమైన ఎలుకల్లో పెరిగిన నియంత్రక కణాలు వీటిలో పెరగలేదు సరికదా, వాపును రేపే సైటోకైన్లు లేచాయి. 2006 నాటి ఆసుపత్రి దృశ్యానికి ఛాయ అది. నార్త్‌విక్ పార్క్‌ను ఎలుక వైఫల్యానికి చిహ్నంగా చెప్పేవారు ఈ రెండో సగాన్ని కూడా చెప్పాలి. పొరపాటు ఎలుక జాతిది కాదు, దాన్ని పెంచిన తీరుదీ, అది ఇచ్చిన జవాబును హామీ పత్రంగా చదివిన తీరుదీ.

అందుకే ఎఫ్‌డీఏ నిర్ణయంలో సగం నాకు పూర్తిగా సమ్మతం. మనిషి ప్రొటీన్‌కు తప్ప దేనికీ అతకని యాంటీబాడీని, అది అతకని జంతువుకు ఎక్కించి ‘ఏమీ కాలేదు’ అని రాసుకోవడంలో అర్థం లేదు. అలాంటి చోట మనిషి రక్తకణాలతో, సరైన పళ్లెంలో చేసిన పరీక్షే మేలు. ప్రాణుల బాధ దృష్ట్యా కూడా, పనికిరాని జవాబు కోసం ఒక్క కోతిని చంపినా అది నేరమే అనిపిస్తుంది. కానీ టి కణం పళ్లెంలో పుట్టదు. అది థైమస్‌లో తయారై, శోషరస గ్రంథుల్లో శత్రువును గుర్తుపట్టి, రక్తంలో ప్రయాణించి, క్లోమం దాకా వెళ్లి అక్కడ దాడి చేస్తుంది లేదా ఊరుకుంటుంది. ఐదు రోజుల మందు ఆపాక కూడా జబ్బు ఎందుకు తిరగబెట్టలేదన్నది వారాలు, నెలలపాటు ఒక పూర్తి శరీరంలో చూడాల్సిన విషయం. చిప్ మీది అవయవం ఇప్పటికైతే అంత దూరం రాలేదు, రేపు వస్తే సంతోషమే. కంప్యూటర్ నమూనాలకైనా మేత ఇలాంటి ప్రయోగాల నుంచి వచ్చిన లెక్కలే.

శరీరం పనిచేసే తీరు తెలుసుకోవడానికే ఎలుకను వాడదామన్నప్పుడు, వాడే పనిముట్టు మీద నమ్మకం ఉండాలి. అక్కడ పరిశోధకుల ఇల్లు అంత చక్కగా లేదు. హామ్‌స్టర్ లేదా ఎలుక కణాల నుంచి యాంటీబాడీలు తయారుచేసే హైబ్రిడోమాలు ఒకే యాంటీబాడీని ఇస్తాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 2018లో 185 హైబ్రిడోమాలను పరిశీలిస్తే దాదాపు మూడోవంతు వాటిలో అదనపు గొలుసులు బయటపడ్డాయి. వైకారోస్ అనే బృందం 65 మానవ ప్రొటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలను పరీక్షించినప్పుడు, చెప్పిన పని చేయనివి కుప్పలుగా తేలాయి. వాటితో అచ్చయిన పరిశోధన పత్రాలు ఒక్కో ప్రొటీన్‌కు సగటున డజను. యాంటీబాడీ సరైనదే అయినా దాన్ని చదవడంలో మరో చిక్కు. సీడీ69 కనిపిస్తే టి కణం శత్రువును చూసిందని రాసేస్తారు. వైరస్ వచ్చినప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్ తగిలినా సీడీ69 పైకి వస్తుంది, శత్రువును చూడకుండానే. చర్మంలోనో పేగులోనో స్థిరపడిన టి కణాలు దాన్ని ఎప్పుడూ తొడుక్కునే ఉంటాయి. జన్యుక్రమం తెలిసిన, ప్రతిసారీ ఒకేలా తయారయ్యే రీకాంబినెంట్ యాంటీబాడీలే వాడాలని 2015లోనే వందమందికి పైగా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో కోరారు. ఖర్చెక్కువ అన్నది దీనికి వచ్చే మామూలు అభ్యంతరం. తప్పుడు యాంటీబాడీతో మూడేళ్లు పనిచేసిన పీహెచ్‌డీ విద్యార్థి కాలానికీ, ఆ ప్రయోగంలో చచ్చిన ఎలుకలకూ ఖర్చు కట్టరు కాబట్టే ఆ లెక్క అలా వస్తోంది.

మనకెందుకిదంతా, ఆ మందులు కొనేదెవరు అనే ప్రశ్న ఇక్కడ తప్పదు. టెప్లిజుమాబ్ ఒక కోర్సు ధర అమెరికాలో విడుదలైనప్పుడు 1,93,900 డాలర్లు, అప్పటి మారకం రేటులో కోటిన్నర రూపాయల పైమాటే. పరీక్షకు మన రోగులూ ఒళ్లప్పగించారు, మందు మాత్రం మన గడప తొక్కే ధరలో లేదు. ఈ కోపం సహేతుకమైనదే. అయితే దానికి విరుగుడు ఎలుకల ప్రయోగశాలలు మూసుకోవడంలో లేదు, శరీరం పనిచేసే తీరు గురించిన జ్ఞానం మన చేతుల్లో ఉండటంలో ఉంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన, రోగి సొంత టి కణాలనే మార్చి వాడే కార్-టి క్యాన్సర్ చికిత్స నెక్స్‌కార్19 2023 అక్టోబర్‌లో అనుమతి పొంది, విదేశీ ధరలో చిన్న భాగానికే దొరుకుతోంది. ఇలాంటి చికిత్సల తయారీలో రోగి టి కణాలను ముందుగా నిద్రలేపేది సాధారణంగా సీడీ3, సీడీ28 యాంటీబాడీలే. పళ్లెంలో 2సీ11తో పాఠం నేర్చుకున్న తరమే ఈ పనికి కావాలి. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రాన్ని కట్టుకున్నాం. క్రిములతో కలిసి బతికిన ‘మురికి’ ఎలుకలను విడిగా, జాగ్రత్తగా పెంచి దేశంలోని ప్రయోగశాలలకు ఇచ్చే విభాగాన్ని అలాంటి చోటే పెట్టాలి, ఎందుకంటే ఏ విశ్వవిద్యాలయమూ వాటిని తన శుభ్రమైన ఎలుకల గది దరిదాపులకు రానివ్వదు, రానివ్వకూడదు కూడా. ప్రభుత్వ నిధుల కోసం పెట్టే దరఖాస్తుల్లోనూ, సంస్థల జంతు నైతిక సంఘాల ముందు పెట్టే పత్రాల్లోనూ ఇప్పుడు ఎన్ని ఎలుకలు, ఏ వయసువి, ఎలా చంపుతారు అని అడుగుతున్నారు. ఏ యాంటీబాడీ, దాని జన్యుక్రమం తెలుసా, తోక ఉన్నదా లేనిదా, అంటించి వాడతారా కలిపి వాడతారా, ఎలుక ఎలాంటి క్రిముల మధ్య పెరిగింది అని కూడా అడగాలి. మందు క్షేమమని నిరూపించడానికే ఎలుక కావాలంటున్న దరఖాస్తులను మాత్రం వెనక్కి పంపేయవచ్చు.